‘క్లోజ్ చేసెయ్’ అన్నప్పుడు ఏం చేయాలి? పనిలో తప్పొప్పుల నిర్ణయాలకి ఒక పద్ధతి

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్న రోజుల సంగతి. రిలీజ్‌కి, అంటే సాఫ్ట్‌వేర్‌ని క్లయింట్ చేతికి ఇవ్వడానికి, ముందు రోజు సాయంత్రం. మొత్తం 212 టెస్టుల్లో 19 ఇంకా రన్ కాలేదు. మేనేజర్ వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. షీట్‌లో ఆ 19 గళ్ళూ బూడిదరంగులో కనిపిస్తున్నాయి. "వీటిని క్లోజ్ చేసెయ్, వచ్చే రిలీజ్‌లో చూసుకుందాం" అన్నారు. చేసేశాను. ఒక్కో గడి మీద నొక్కడం, ‘పాస్’ ఎంచుకోవడం, కింది గడికి వెళ్ళడం. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. గళ్ళన్నీ పచ్చబడ్డాయి.

రెండు వారాలకి ఆ 19లో ఒక టెస్టు పట్టుకోవాల్సిన తప్పు బయటపడింది. ఒకసారి బిల్లు కట్టినవాళ్ళ ఖాతాల్లోంచి రెండోసారి డబ్బు పోయింది. ఫోన్లు ఎత్తింది కాల్ సెంటర్‌లో అప్పుడే చేరిన ఒక అమ్మాయి. రోజంతా తిట్లు తిన్నది కూడా ఆ అమ్మాయే. నా పేరు ఎక్కడా రాలేదు.

ఇన్నేళ్ళయినా నాకు గుచ్చుకునేది ఒకటే: ఆ మూడు నిమిషాల్లో నేనొక నిర్ణయం తీసుకుంటున్నానని నాకు తట్టనే లేదు. ఎవరైనా "అబద్ధం రాసి సంతకం పెడతావా?" అని అడిగి ఉంటే ఛీ అనేవాణ్ణి. "క్లోజ్ చేసెయ్" అనేసరికి చేయి దానంతటదే కదిలింది.

లంచం పుచ్చుకోవచ్చా, గల్లాపెట్టెలో చేయి పెట్టొచ్చా లాంటి ప్రశ్నలకి ఈ వ్యాసం అక్కర్లేదు. వాటికి జవాబు అందరికీ తెలుసు. తప్పు తప్పులా కనిపించకుండా వచ్చినప్పుడు, లేదా రెండు వైపులా న్యాయం ఉన్నట్టు అనిపించినప్పుడు ఏం చేయాలన్నదే ఇక్కడి విషయం.

1. ముందు ఆ పనికి దాని అసలు పేరు పెట్టండి

నన్నడిగితే సగం పని ఇక్కడే అయిపోతుంది. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

ఆఫీసుల్లో తప్పుకి ఎప్పుడూ మారుపేరే ఉంటుంది. ‘అడ్జస్ట్ చేద్దాం’, ‘నంబర్లు కొంచెం సర్దుదాం’, ‘జస్ట్ ఫార్మాలిటీ’, ‘పాత తేదీ వేసి ఇవ్వండి చాలు’, ‘క్లయింట్‌కి అంత డీటెయిల్ ఎందుకు?’ మసిపూసి మారేడుకాయ చేయడమంటే ఇదే. మసి పూసేవాడు పక్కవాణ్ణే కాదు, తనని తాను కూడా మోసం చేసుకుంటాడు.

ఫోక్స్‌వ్యాగన్ సంగతి చూడండి. తనిఖీ జరుగుతోందని పసిగట్టి, అప్పుడు మాత్రమే పొగ తగ్గించి, రోడ్డెక్కగానే మళ్ళీ విషవాయువు వదిలే సాఫ్ట్‌వేర్‌ని ఆ కంపెనీ కార్లలో పెట్టింది. 2015 సెప్టెంబరులో అది బయటపడింది. ప్రపంచం మొత్తం మీద దాదాపు కోటీ పది లక్షల కార్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నట్టు తేలింది. కంపెనీ లోపల దాన్ని పిలుచుకున్న పేర్లలో ఒకటి ‘అకూస్టిక్ ఫంక్షన్’, అంటే చప్పుడుకి సంబంధించిన ఏర్పాటు అన్నమాట. ‘అకూస్టిక్ ఫంక్షన్ అప్‌డేట్ మీద మీటింగ్’ అని క్యాలెండర్‌లో కనిపిస్తే ఎవరి కడుపులోనైనా తిప్పుతుందా? అదే ‘తనిఖీవాళ్ళని మోసం చేసే ప్రోగ్రామ్ మీద మీటింగ్’ అని రాసి ఉంటే?

మీరు చేయాల్సింది చాలా చిన్న పని. ఒక కాగితం తీసుకుని ఒక్క వాక్యం రాయండి. అందులో ‘నేను’ ఉండాలి, చేస్తున్న పని ఉండాలి, ఆ పని ఎవరికి తగులుతుందో ఆ మనిషి ఉండాలి. ‘చేయబడింది’, ‘జరిగింది’ లాంటి మాటలు రానివ్వకండి, వాటి చాటున మనిషి మాయమైపోతాడు. నా వాక్యం ఇలా ఉండాల్సింది: "రన్ చేయని 19 టెస్టులు రన్ చేశానని నేను క్లయింట్‌కి రాసిస్తున్నాను." ఇంత రాశాక ఆ గడి మీద నొక్కడం ఎంత కష్టమో ప్రయత్నించి చూడండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. అసలు పేరు పెట్టాక ఒక్కోసారి అందులో తప్పేమీ కనిపించదు. "నేను వచ్చే నెల నుంచి రేటు పెంచుతున్నాను, ఆ సంగతి కస్టమర్లకి ముందే చెబుతున్నాను" అన్న వాక్యంలో దాచాల్సింది ఏముంది? అలాంటప్పుడు నిశ్చింతగా చేసేయండి. ప్రతి లాభం పాపమని బాధపడేవాళ్ళు కొందరుంటారు. నిజంగా తప్పు ఎదురయ్యేసరికి వాళ్ళు అలిసిపోయి ఉంటారు.

2. తొందర ఎవరిదో కనుక్కోండి

1973లో డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ప్రిన్స్‌టన్‌లో మతగురువులు కావడానికి చదువుకుంటున్న 40 మంది విద్యార్థులని ఒక్కొక్కరుగా పక్క భవనంలోకి వెళ్ళి మాట్లాడమన్నారు. దారిలో ఒక మనిషి మూలుగుతూ కూలబడి ఉంటాడు. తీరిక ఉందనుకున్న వాళ్ళలో 63 శాతం మంది ఆగి సాయం చేశారు. ఆలస్యమైపోయిందని చెప్పి పంపిన వాళ్ళలో ఆగింది 10 శాతం. తమాషా ఏమిటంటే, వాళ్ళలో కొందరు మాట్లాడబోయే అంశమే దారిలో దెబ్బతిని పడున్న వాడికి సాయం చేసిన మంచివాడి కథ.

మంచితనం కంటే గడియారం బలమైంది, అంతే. అందుకే "ఇప్పుడే సంతకం పెట్టాలి", "ఫోన్ పెట్టేలోపు సరే అనాలి" అని ఎవరైనా అంటే, ఈ తొందర నిజంగా పనిదా, లేక నేను ఆలోచించకూడదని ఎవరో తెచ్చిపెట్టిందా అని మనసులో ఒకసారి ప్రశ్నించుకోండి. చాలాసార్లు ఎవరూ కావాలని చేయరు, డెడ్‌లైనే ఆ పని చేసేస్తుంది. ఫలితం మాత్రం ఒకటే.

నేను వాడే వాక్యం ఇది: "సార్, ఒకసారి పూర్తిగా చదివి గంటలో చెబుతాను." ఇందులో కాదనడం లేదు, ఎదురు తిరగడం లేదు, ఎవరికీ కోపం రాదు. గంట కూడా ఇవ్వనంటే ఆ కాగితంలో ఏదో ఉందని నాకు అర్థమైపోతుంది. నిలబడి, నడుస్తూ, లిఫ్ట్‌లో సంతకాలు పెట్టకండి. కుర్చీలో కూర్చుని పెట్టండి. వినడానికి చాదస్తంగా ఉంటుంది, పని మాత్రం చేస్తుంది.

3. తెలిసింది ఒక పక్క, అనుకుంటున్నది ఒక పక్క

కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు మీరు కళ్ళారా చూసినవి, కాగితం మీద ఉన్నవి. కుడివైపు విన్నవి, ఊహించినవి. ‘పర్చేజ్ మేనేజర్ కమీషన్ తింటున్నాడు’ అన్నది దాదాపు ఎప్పుడూ కుడివైపే పడుతుంది. ‘మూడు కొటేషన్లలో ఎక్కువ రేటున్న దాన్నే రెండుసార్లు ఎంచుకున్నారు’ అన్నది ఎడమవైపు. మీరు పైవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాల్సింది ఎడమవైపు ఉన్నది మాత్రమే. కుడివైపుది పట్టుకుని వెళితే ఒక మనిషి పరువు పోవచ్చు, అప్పుడు తప్పు మీదవుతుంది.

ఇదే సమయంలో కాంట్రాక్టు, కంపెనీ నియమాలు, మీ వృత్తికి ఒక నియమావళి ఉంటే అది, చట్టం, అన్నీ ఒకసారి చూడండి. సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి. చట్టం ఒప్పుకుందంటే మొదటి మెట్టు ఎక్కినట్టు. అక్కడే కూర్చోవద్దు.

4. గదిలో లేని మనిషిని పిలవండి

నిర్ణయం తీసుకునే గదిలో ఎప్పుడూ ఉండేవాళ్ళు ఉంటారు: బాస్, మీరు, అకౌంట్స్, మహా అయితే క్లయింట్. వాళ్ళ ఇబ్బందులు మనకి కళ్ళకి కట్టినట్టు కనిపిస్తాయి. దెబ్బ తగిలేది మాత్రం ఆ గదిలోకి ఎప్పటికీ రాని మనిషికి. నా విషయంలో అది ఆ కాల్ సెంటర్ అమ్మాయి, ఖాతాలో డబ్బు ఖాళీ అయినవాళ్ళు. వాళ్ళ కోసం ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే 19లో కనీసం డబ్బుతో ముడిపడిన టెస్టులైనా రన్ చేసేవాణ్ణి.

అందుకని పేర్లు రాయండి. ‘స్టేక్‌హోల్డర్లు’ అని రాయకండి, ఆ మాటకి ముఖం ఉండదు. ‘ఈ మెషీన్ దగ్గర రాత్రి షిఫ్ట్‌లో నిలబడే మనిషి’, ‘ఈ రిపోర్ట్ నమ్మి అప్పు ఇచ్చే బ్యాంక్ ఆఫీసర్’, ‘మన బిల్లు మూడు నెలలు ఆపితే జీతాలు ఇవ్వలేని చిన్న సప్లయర్’ అని రాయండి. ఆ చివరి మనిషిని పెద్ద కంపెనీలు ఎంత తేలిగ్గా మరిచిపోతాయో సప్లయర్లని అడిగితే చెబుతారు. పేమెంట్ ఆలస్యం చేయడాన్ని ‘క్యాష్ ఫ్లో మేనేజ్‌మెంట్’ అంటారు. మళ్ళీ మొదటి మెట్టుకే, మారుపేర్ల దగ్గరికే వచ్చాం చూశారా.

5. మూడు నాలుగు ప్రశ్నలు, వాటి లోటుపాట్లు

పేపర్ ప్రశ్న అందరికీ తెలిసిందే: రేపు ఇది పేపర్లో మొదటి పేజీలో వస్తే, ఇంట్లోవాళ్ళు చదివితే మీకు ఫరవాలేదా? సాలమన్ బ్రదర్స్ అనే అమెరికా ఆర్థిక సంస్థలో కుంభకోణం తర్వాత 1991లో పెట్టుబడిదారు వారెన్ బఫెట్ ఆ కంపెనీ ఉద్యోగులకి పెట్టిన పరీక్ష ఇదే. మంచిదే, కానీ నాకు దీని మీద చిన్న అనుమానం. ఇది దొరికిపోతామేమోనన్న భయాన్నే ఎక్కువగా కొలుస్తుంది. ఎప్పటికీ పేపర్‌కి ఎక్కని తప్పులు బోలెడు. పైగా కొన్ని సరైన నిర్ణయాలు పేపర్లో చాలా చెడ్డగా కనిపిస్తాయి.

నాకు ఎక్కువ ఉపయోగపడింది కుర్చీ మార్పిడి. టేబుల్‌కి అటువైపు నేనుంటే, ఈ సమాచారం నాకు చెప్పకుండా దాస్తే, తర్వాత తెలిసినప్పుడు నేనేమంటాను? "వ్యాపారంలో ఇది మామూలే" అంటానా, "నన్ను మోసం చేశారు" అంటానా? అక్కడ నిజం చప్పున తేలుతుంది.

మూడోది, దీన్ని రేపటి నుంచి ఆఫీసులో ప్రతివాడూ చేస్తే? ‘ఈ ఒక్కసారికే’ అన్న మాటని పట్టుకోవడానికి ఇది పనికొస్తుంది.

1932లో హర్బర్ట్ టేలర్ అనే వ్యాపారి మునిగిపోతున్న తన అల్యూమినియం పాత్రల కంపెనీని నిలబెట్టడానికి నాలుగు ప్రశ్నలు రాసుకున్నాడు: ఇది నిజమేనా, సంబంధం ఉన్న అందరికీ న్యాయమేనా, సద్భావం, స్నేహం పెంచుతుందా, అందరికీ మేలేనా. తర్వాత రోటరీ క్లబ్ వాటిని తనవిగా తీసుకుంది. నాలుగింటిలో నాకు నచ్చేది మొదటిది. దానికి అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు చెప్పాలి, తప్పించుకునే దారి లేదు.

6. రెండు దారులే ఉన్నాయనిపిస్తే మూడోది వెతకండి

ప్రశ్నలన్నీ ఒకే వైపు చూపిస్తే ఇక ఆలోచించాల్సింది లేదు, చేయడమే. ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటే మాత్రం మీరు నిజమైన చిక్కులో ఉన్నట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఉదాహరణకి, వచ్చే నెల మీ టీమ్‌లో కొందరిని తీసేయబోతున్నారు. జాబితా మీకు తెలుసు, బయటికి చెప్పనని సంతకం పెట్టారు. జాబితాలో ఉన్న కొలీగ్ ఒకాయన వచ్చి, "ఇంటి లోన్ అప్లై చేస్తున్నా, ఈఎంఐ జీతంలో సగం పోతుంది, తట్టుకోగలనంటారా?" అని అడిగాడు. చెబితే మాట తప్పినట్టు, పైగా అతనొక్కడికే చెబితే మిగతావాళ్ళకి అన్యాయం. చెప్పకపోతే అతను మునిగిపోవడం చూస్తూ కూర్చున్నట్టు. ‘కొన్నాళ్ళు ఆగు’ అని కన్ను గీటితే కర్ర విరగకుండా పాము చావకుండా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది చెప్పడమే, కాకపోతే బాధ్యత లేకుండా చెప్పడం.

మూడో దారి కోసం కాగితం మీద కనీసం నాలుగు పనులు రాయండి, పిచ్చివనిపించినా సరే. నాకు తట్టినవి ఇవి. ఒకటి, ఆ రోజే హెచ్ఆర్ దగ్గరికి వెళ్ళి, "జనం పెద్ద అప్పులు చేస్తున్నారు, ప్రకటన ముందుకి జరపండి" అని అడగడం. రెండు, కొలీగ్‌తో, "కంపెనీ భవిష్యత్తు మీద నేనెవరికీ సలహా ఇవ్వను, అది నా నియమం. ఇంత పెద్ద అప్పు నా మాట మీద చేయకండి. ఆరు నెలలు జీతం రాకపోతే కట్టగలరా అని మీరే లెక్క వేసుకోండి" అనడం. ఇది పనిచేయాలంటే మామూలు రోజుల్లో కూడా, ఎవరడిగినా, ఇదే జవాబు ఇస్తూ ఉండాలి. ఈరోజు కొత్తగా చెబితే అదే సంకేతమైపోతుంది. మూడు, నిర్ణయం పైన తీసుకున్నవాళ్ళనే అతనితో మాట్లాడమనడం. నాలుగోది ఏమీ చేయకపోవడం. నేనైతే మొదటి రెండూ కలిపి చేస్తాను. మనసు పూర్తిగా తేలికపడుతుందని మాత్రం చెప్పను.

మూడో దారికి నేను చదివినవాటిలో గట్టి ఉదాహరణ విలియం లెమెషూరియర్‌ది. న్యూయార్క్‌లో 59 అంతస్తుల సిటీకార్ప్ భవనానికి స్ట్రక్చరల్ ఇంజనీర్ ఆయనే. కట్టడం పూర్తయి జనం పనిచేసుకుంటున్నారు. 1978లో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న పుణ్యమా అని మళ్ళీ లెక్కలు చూసుకుంటే, మూలగా వీచే గాలి తగిలినప్పుడు బలం చాలదని తేలింది. పైగా ఉక్కు చట్రంలో వెల్డింగ్ చేయాల్సిన కీళ్ళని బోల్టులతో సరిపెట్టారు. కరెంటు పోయి భవనం ఊపుని తగ్గించే యంత్రం ఆగిపోతే, సుమారు పదహారేళ్ళకోసారి వచ్చే స్థాయి తుఫాను భవనాన్ని కూల్చగలదని ఆయన లెక్క. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. బయటికి అరిస్తే వీధంతా భయాందోళన. ఆయన భవనం యజమానుల దగ్గరికి, బీమావాళ్ళ దగ్గరికి, నగర అధికారుల దగ్గరికి పరిష్కారం చేతిలో పట్టుకుని వెళ్ళాడు. ఆగస్టు నుంచి రాత్రిపూట, ఉద్యోగులు వెళ్ళిపోయాక, కీళ్ళ మీద ఉక్కు పలకలు వెల్డింగ్ చేశారు.

ఇంతవరకు అందరూ చప్పట్లు కొడతారు. నాకు మాత్రం సగమే కొట్టబుద్ధవుతుంది. అసలు ప్రమాదం సంగతి జనానికి తెలిసింది 1995లో. ఆ రాత్రుల్లో చుట్టుపక్కల నిద్రపోయినవాళ్ళని ఎవరూ అడగలేదు. గదిలో లేని మనుషులు వాళ్ళు.

7. చెప్పే పద్ధతి

సరైనది ఏదో తెలిశాక కూడా చాలామంది ఓడిపోయేది ఇక్కడే. 1986 జనవరి 27 రాత్రి ఛాలెంజర్ వ్యోమనౌక ప్రయోగానికి ముందు జరిగిన ఫోన్ సమావేశం ఇందుకు పాఠం. నౌకని పైకి నెట్టే బూస్టర్ రాకెట్లు తయారుచేసిన మోర్టన్ థియోకాల్ కంపెనీ ఇంజనీర్లు, రోజర్ బోజొలే వాళ్ళలో ఒకడు, చలికి బూస్టర్ అతుకుల్ని మూసి ఉంచే రబ్బరు ఓ-రింగులు గట్టిపడతాయి, 53 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే తక్కువలో వదలొద్దన్నారు. నాసా నుంచి ఒత్తిడి వచ్చింది. కంపెనీ పెద్దలు తమలో తాము మాట్లాడుకుంటూ, ఇంజనీరింగ్ అధిపతిని ఆ ఇంజనీర్ టోపీ తీసి మేనేజ్‌మెంట్ టోపీ పెట్టుకోమన్నారు. సిఫారసు తిరగబడింది. మర్నాడు పొద్దున 73 సెకన్లకి నౌక ముక్కలైంది, ఏడుగురు చనిపోయారు.

ఆ రాత్రి జరిగింది ఒక్క మాటలో చెప్పాలంటే, ప్రశ్న తలకిందులైంది. మామూలుగా ‘ఇది సురక్షితమని చూపించు, అప్పుడు వదులుతాం’ అనాలి. ఆ రాత్రి ‘ప్రమాదమని నిరూపించు, అప్పుడే ఆపుతాం’ అన్నారు. మీ మీటింగ్‌లో కూడా ఇలా తిరగబడుతుందేమో చెవి ఒగ్గి వినండి. తిరగబడితే వాదన పెంచకుండా ఒకటే అడగండి: "సార్, మనం ఎప్పుడూ పంపేముందు సరిగ్గా ఉందని చూపిస్తాం కదా. ఈసారి బాగోలేదని నేను నిరూపించాల్సి వస్తోంది. ఎందుకు మారింది?"

ఇంకా కొన్ని కిటుకులు. నలుగురిలో అనకండి, ముందు విడిగా వెళ్ళి చెప్పండి. బాస్ నలుగురి ముందు వెనక్కి తగ్గలేడు. ‘మీరు’ తీసేసి ‘మనం’ అనండి. "ఇది అన్యాయం" అని మొదలుపెడితే ఎదుటివాడు తలుపు వేసేస్తాడు, "రేపు క్లయింట్ టెస్టులు రన్ చేసిన రికార్డులు అడిగితే మన దగ్గర చూపించడానికేం లేదు" అంటే వింటాడు. చేతిలో ఒక ప్రత్యామ్నాయం లేకుండా వెళ్ళొద్దు. ఒక్కరే కాకుండా ఇద్దరు వెళ్ళండి. అదే మాట ఇద్దరంటే బరువు రెట్టింపు కంటే ఎక్కువ.

8. రాసి పెట్టుకోండి

మాట్లాడి వచ్చాక పది నిమిషాల్లో చిన్న ఈమెయిల్: "ఇందాక అనుకున్నట్టు ఫలానా టెస్టులు రన్ కాలేదు, వాటిని పాస్ అని చూపించడం నాకు ఇబ్బందిగా ఉందని చెప్పాను. నేను అర్థం చేసుకున్నది సరైనదేనా?" ఇందులో బెదిరింపు ఏమీ లేదు. అయినా ఈ ఒక్క ఈమెయిల్‌కే ఎన్నో ‘అడ్జస్ట్‌మెంట్లు’ ఆవిరైపోవడం చూశాను. మీ సొంత నోట్స్‌లో తేదీ, ఎవరు ఏమన్నారు రాసుకోండి. కంపెనీ ఫైళ్ళు మాత్రం ఇంటి ఈమెయిల్‌కి పంపుకోకండి, రేపు కథంతా మీ మీదికే తిరుగుతుంది.

9. వినకపోతే

మెట్లు ఇవి: బాస్, బాస్‌కి బాస్, ఆడిట్ లేదా నియమాల అమలు చూసే కంప్లయన్స్ విభాగం, ఉంటే ఫిర్యాదుల లైన్, ఆ తర్వాత బయటి నియంత్రణ సంస్థ. బయటికి వెళ్ళేముందు తప్పకుండా ఒక లాయర్‌తో మాట్లాడండి. ఫిర్యాదు చేసినవాళ్ళకి రక్షణ ఒక్కోచోట ఒక్కో రకంగా ఉంటుంది, ఎవరికి ఎలా చెప్పారన్నదాన్ని బట్టి కూడా మారిపోతుంది.

"నేను సంతకం పెట్టను, మీరు వేరేవాళ్ళతో పెట్టించుకోండి" అనడం మధ్యే మార్గం. అది మిమ్మల్ని కాపాడుతుంది గానీ, తప్పుని ఆపదు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు, నా పిడికెడు నేను తీసుకోలేదన్న తృప్తి మిగులుతుంది, అంతే. ఒక్కోసారి అంతకంటే చేయగలిగింది ఉండదు. ఇంట్లో జబ్బుపడ్డవాళ్ళు, నెత్తి మీద అప్పులు ఉన్న మనిషిని ఉద్యోగం వదిలెయ్ అని బయట కూర్చుని చెప్పడం నాకు చేతకాదు.

ఖరీదు సంగతి దాచకూడదు. ఛాలెంజర్ ఇంజనీరు బోజొలే ప్రమాదం మీద వేసిన విచారణ కమిషన్ ముందు నిజం చెప్పాడు. తోటివాళ్ళే దూరం పెట్టారు, ఆ కంపెనీలో ఉండలేకపోయాడు. 1988లో శాస్త్రవేత్తల సంఘం ఒకటి ఆయన్ని అవార్డుతో గౌరవించింది, కానీ ఆ ఉద్యోగం తిరిగి రాలేదు. అందుకే వీలైతే ఆరు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు పక్కన పెట్టుకోండి. కాదనగలిగే ధైర్యంలో సగం ఆ డబ్బే.

ఇప్పటికే చేసేసి ఉంటే

ఇది చదివేవాళ్ళలో కొందరు ఇప్పటికే అందులో ఉండొచ్చు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకి రాసిన ఉత్తరం అలాంటివాళ్ళు ఒకసారి చదవాలి. నిజమైన లాభానికీ పుస్తకాల్లో చూపినదానికీ మధ్య మొదట కొద్దిపాటి తేడా ఉండేదని, ఏళ్ళు గడిచేకొద్దీ అది అదుపు తప్పిందని అందులో రాశారు. లేని నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్ల రూపాయలకి చేరాయి. పులి మీద స్వారీ చేస్తున్నట్టుంది, అది తినేయకుండా ఎలా దిగాలో తెలియలేదన్నారు.

పులి పిల్లగా ఉన్నప్పుడే దిగాలి. చెప్పడానికి మంచి రోజంటూ ఉండదు. ఈ క్వార్టర్ కంటే వచ్చే క్వార్టర్‌లో చెప్పడం తేలికని ఎప్పుడూ అనిపిస్తుంది, ఎప్పుడూ తప్పే అవుతుంది. చెప్పేటప్పుడు మొత్తం ఒకేసారి చెప్పండి. ముక్కలుగా చెబితే రెండో ముక్క బయటపడ్డ రోజున మొదటిదాన్ని కూడా ఎవరూ నమ్మరు. ఏం జరిగింది, ఎవరికి ఎంత నష్టం, దిద్దడానికి ఏం మొదలుపెట్టాను, ఈ వరసలో. ‘ఎందుకు చేశాను’ అడిగితే తప్ప వద్దు. నేరం దాకా వెళ్ళిన వ్యవహారమైతే ముందు లాయర్.

మీరే బాస్ అయితే

అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో కస్టమర్‌కి ఎనిమిది ఖాతాలు, సేవలు అంటగట్టాలన్న లక్ష్యాన్ని నినాదంగా పెట్టుకుంది. 2016లో బయటపడిందేమిటంటే, టార్గెట్లు అందుకోలేక సిబ్బంది కస్టమర్లకి తెలియకుండానే లక్షల కొద్దీ ఖాతాలు తెరిచారు. 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. ఐదేళ్ళలో దాదాపు 5,300 మందిని తీసేశారు. అంతమంది చెడ్డవాళ్ళు ఒకే బ్యాంకులో ఎలా చేరతారు? టార్గెట్ పెట్టినవాడు అసలు పేరుతో వాక్యం రాసుకోలేదు, అదీ సంగతి.

కాబట్టి టార్గెట్ ఇచ్చే ముందు, ‘దీన్ని మోసం చేయకుండా అందుకోవడం సాధ్యమేనా?’ అని కింది మనిషినే అడగండి. చెడు వార్త తెచ్చినవాడి మీద మీ ముఖం ఎలా మారుతుందో గమనించుకోండి, మీ టీమ్ అంతా దాన్నే చూస్తుంది. మీటింగ్‌లో మీ అభిప్రాయం ఆఖర్న చెప్పండి.

ఇక నా సంగతి. నాలుగేళ్ళ తర్వాత, ఇంకో చోట, ఇంకో రిలీజ్. ఈసారి ఏడు టెస్టులు మిగిలాయి. "క్లోజ్ చేద్దామా?" అన్నారు అక్కడి మేనేజర్. గంట టైమ్ అడిగాను, ఏడింటిలో డబ్బుతో ముడిపడిన రెండూ ముందు చేద్దామన్నాను, మిగతావి రన్ కాలేదని రిపోర్టులో రాసి పంపుదామన్నాను. ఆయన చాలాసేపు పెన్ను తిప్పుతూ కూర్చున్నారు. చివరికి రిలీజ్ ఒక రోజు వాయిదా వేసి ఏడూ రన్ చేయించారు. ఆ ఏడాది అప్రైజల్‌లో నాకు ‘ఇంకాస్త సర్దుకుపోవాలి’ అన్న వాక్యం వచ్చింది.

ఏడూ పాసయ్యాయి. ఒక్క బగ్ కూడా లేదు. "చూశావా, అనవసరంగా ఒక రోజు పోగొట్టావు" అని మేనేజర్ నవ్వారు. నేనూ నవ్వాను. షీట్‌లో మళ్ళీ గళ్ళన్నీ పచ్చగానే ఉన్నాయి, ఈసారి ఒక్కో ‘పాస్’ పక్కన రన్ చేసిన తేదీ, టైమ్ ఉన్నాయి.